నూటముప్ఫై మాట సరే, ముప్ఫై సంగతేంటి?

2024 జూన్‌లో సమాచార హక్కు దరఖాస్తుకి రైల్వే ఇచ్చిన జవాబొకటి పేపర్లలో వచ్చింది. వందేభారత్ రైళ్ళ సగటు వేగం 2020–21లో గంటకు 84.48 కి.మీ. ఉండేదట, 2023–24కి వచ్చేసరికి 76.25కి దిగిందట. అప్పటి నుంచీ వందేభారత్ మీద వాదన ఎక్కడ మొదలైనా ఈ అంకె బయటికి తీస్తున్నారు. కొందరు "చూశారా, అంతా రంగుల హంగామా" అంటారు. ఇంకొందరు "కొంకణ్ లాంటి కొండదారుల్లో కూడా వేశారు, సగటు పడిపోక ఏమవుతుంది" అంటారు.

ఏమాటకామాట, రెండోవాళ్ళు చెప్పేదాంట్లో పస ఉంది. 2020–21లో ఉన్నవి రెండే వందేభారత్‌లు: ఢిల్లీ–వారణాసి, ఢిల్లీ–కాట్రా. వాటి పక్కన ముంబయి–మడ్గావ్‌ని కూడా పెట్టి సగటు కట్టి, రైలు నెమ్మదించిందనడం కుదరదు. అయినా నా పేచీ రెండు పక్షాలతోనూ ఉంది. ఇద్దరూ రైలునే చూస్తున్నారు. ఆ రైలు ఎక్కడెక్కడ నెమ్మదించాల్సి వస్తోందో ఎవరూ చూడటం లేదు. వందేభారత్ మంచి రైలు, అందులో నాకు సందేహం లేదు. దాన్ని కొత్త దారిలో వెయ్యడానికి ముందు ఆ దారిలోని నెమ్మది చోట్లను ఏరి పారెయ్యాలి. మనం ఆ పని వదిలేసి జెండా ఊపుతున్నాం.

సికింద్రాబాద్–విశాఖపట్నం బండినే తీసుకుందాం. 2023 జనవరి 15న మొదలైంది. 699 కి.మీ. దూరం, అప్పటి టైమ్‌టేబుల్ ప్రకారం ఎనిమిదిన్నర గంటల ప్రయాణం. సగటున గంటకు 82 కి.మీ. పడుతుంది. అదే దూరం ఎక్కడా ఆగకుండా, వందేభారత్‌కి మామూలుగా అనుమతించే గరిష్ఠ వేగం 130తో వెళ్తే 5 గంటల 23 నిమిషాల్లో అయిపోవాలి. తేడా 3 గంటల 7 నిమిషాలు. ఎక్కడ పోయినట్టు?

మనవాళ్ళకి తట్టే మొదటి జవాబు, స్టాపులు. మొదట్లో వరంగల్, ఖమ్మం, విజయవాడ, రాజమండ్రి, ఈ నాలుగే ఉండేవి. సామర్లకోట, ఏలూరు తర్వాత చేరాయి. స్టాపు పెంచినప్పుడల్లా "ఇక ఇది ప్యాసింజరే" అని ఎగతాళి. లెక్క వేసి చూడండి. 130 నుంచి సున్నాకి దిగడం, మళ్ళీ 130కి ఎక్కడం, ఈ రెండింటికీ కలిపి వందేభారత్‌కి అదనంగా పట్టేది ఇంచుమించు 80 సెకన్లు. ప్లాట్‌ఫాం మీద నిలబడే రెండు నిమిషాలు కలిపినా ఒక స్టాపు ఖరీదు మూడున్నర నిమిషాలు దాటదు. విజయవాడలో కాస్త ఎక్కువసేపు ఆగుతుందనుకున్నా నాలుగు స్టాపులకీ కలిపి పావుగంట, మరీ అయితే ఇరవై నిమిషాలు. పోయింది మూడు గంటలు కదా!

కాబట్టి సామర్లకోట వాళ్ళనీ ఏలూరు వాళ్ళనీ ఆడిపోసుకోవడం అన్యాయం.

రేక్ తన వంతు చేసింది

చెన్నై పెరంబూరులోని కోచ్‌ల కర్మాగారం ఐసీఎఫ్‌లో ఈ రేక్ (ఒక రైలుగా కూర్చిన కోచ్‌ల వరస) తయారైన కథ చాలామందికి తెలుసు కాబట్టి దాన్ని వదిలేస్తాను. జనం ఎక్కువగా పట్టించుకోని సంగతి ఒక్కటి మాత్రం చెప్పాలి. దీని అసలు బలం పరీక్షలో అందుకున్న 180 కి.మీ. వేగం కాదు, పికప్.

మామూలు ఎక్స్‌ప్రెస్‌ని లాగే డబ్ల్యూఏపీ–7 ఇంజిన్ బరువు 123 టన్నులు, ఆరు ఇరుసులు. దాని వెనక ఇరవైకి పైగా కోచ్‌లుంటాయి. అంటే మొత్తం రైలు బరువులో ఇంచుమించు పదో వంతే పట్టాని పట్టుకుని ముందుకి తోసే చక్రాల మీద ఉంటుంది. మోటార్ శక్తి ఎంత పెంచినా, ఒక హద్దు దాటితే చక్రం జారుతుంది తప్ప బండి కదలదు. ట్రైన్ 18లో (వందేభారత్ మొదటి పేరు అదే) 16 కోచ్‌లకి 64 ఇరుసులుంటే వాటిలో 32 ఇరుసులకి మోటార్లున్నాయి. ఒక కోచ్ వదిలి ఒకటి మోటార్ కోచ్. రైలు బరువులో దాదాపు సగం తోసే చక్రాల మీదే ఉంటుంది. తొలి రేక్ సున్నా నుంచి 100 అందుకోవడానికి 54.6 సెకన్లు పట్టేది. 430 టన్నుల బరువుని 392కి తగ్గించి 2022 సెప్టెంబరులో తెచ్చిన రెండో రకం 52 సెకన్లలో అందుకుంటుంది. ఇంజిన్ లాగే నిండు రైలుకి ఇది నిమిషాల పని.

ఆ మొదటి రేక్‌కి మోటార్లనీ వాటిని నడిపే కన్వర్టర్లనీ ఇచ్చింది హైదరాబాద్‌కి చెందిన మేధా సర్వో డ్రైవ్స్. తెలుగు పత్రికలు ఈ ముక్కని మొదటి పేజీలో వెయ్యాల్సింది, ముక్కు ఆకారం గురించి రాసుకుంటూ పోయాయి.

2018 డిసెంబరులో కోట–సవాయి మాధోపుర్ మధ్య 180 కొట్టించడం రికార్డు కోసం కాదు. నడపాలనుకున్న వేగం కంటే పది శాతం ఎక్కువతో పరీక్షించడం రివాజు. 160కి తయారుచేసిన బండి కాబట్టి 176 దాటించి చూపాలి. ప్రయాణికుల బరువుకి బదులు ఇసుక బస్తాలు పేర్చి కొన్నిసార్లు, ఖాళీగా కొన్నిసార్లు నడుపుతారు. చక్రాల చట్రాలు ఎంత ఊగుతున్నాయో, బ్రేకు వేస్తే ఎంత దూరంలో ఆగుతోందో కొలుస్తారు. రేక్ ఈ పరీక్ష నెగ్గింది. కానీ వాణిజ్యంగా నడపడానికి ఇచ్చిన అనుమతి 130. పట్టాలూ సిగ్నళ్ళూ అంతవరకే సిద్ధంగా ఉన్నాయి మరి.

130 దాటాలంటే ఏం కావాలో ఆ రంగంలో ఉన్నవాళ్ళకి కంఠతా వచ్చు. దారికి రెండు పక్కలా కంచె, గేట్లు ఎత్తేసి వంతెనలు, మీటరుకి 60 కేజీల పట్టా, ఒక లైను నుంచి ఇంకో లైనుకి మళ్ళించే పాయింట్ల దగ్గర మందపాటి స్విచ్‌లు, సిగ్నల్‌ని లోకో పైలట్ కంటికే వదిలెయ్యకుండా క్యాబ్‌లో చూపించి, అవసరమైతే తానే బ్రేకు వేసే కవచ్ లాంటి రక్షణ. కవచ్ పుట్టి పెరిగింది మన దగ్గరే. లింగంపల్లి–వికారాబాద్–వాడి, వికారాబాద్–బీదర్ లైన్లలో పరీక్షించారు. తయారుచేసిన మూడు కంపెనీలకీ హైదరాబాదే ఇల్లు. దక్షిణ మధ్య రైల్వేలో మొదటి విడతలో 1,465 కి.మీ. మేర బిగించారు. తమాషా ఏమిటంటే, ఆ 1,465లో విశాఖ వందేభారత్ పరుగెత్తే కాజీపేట–విజయవాడ లేదు. అందులో ఉన్నవి మన్మాడ్ నుంచి నిజామాబాద్, సికింద్రాబాద్, మహబూబ్‌నగర్ మీదుగా గుంతకల్లు దాకా ఉన్న లైను, బీదర్–పర్లి–పర్భణి, పైన చెప్పిన పరీక్ష లైన్లు. రద్దీ తక్కువున్న చోట ముందు బిగించి సరిచూసుకోవడం సాంకేతికంగా తప్పు కాదు. వేగం కోసం వేసిన రైలు ఒక దారిలో, వేగానికి కావలసిన సరంజామా ఇంకో దారిలో ఉన్నాయన్నదే ఇక్కడి పాయింటు.

ఒక్క కాషన్ కథ

ఇప్పుడు పోయిన మూడు గంటల దగ్గరికి వద్దాం. అందులో కొంత శాశ్వతంగా వేగం తగ్గించిన చోట్లలో పోతుంది: వంపులు, పాత వంతెనలు, పెద్ద యార్డులు. విజయవాడ, సికింద్రాబాద్ స్టేషన్లలోకి బండి ఎలా పాకుతూ వస్తుందో ఎక్కినవాళ్ళందరికీ తెలుసు. మెయిన్ లైను వదిలి పాయింట్ల మీదుగా లూప్‌లోకి, అంటే స్టేషన్‌లో పక్క లైనులోకి మళ్ళాలంటే మామూలుగా 30 దాటకూడదు. ఇంకొంత తాత్కాలిక కాషన్లలో, అంటే కొన్నాళ్ళపాటు ఒక చోట వేగం తగ్గించి పొమ్మనే ఆదేశాల్లో పోతుంది.

తాత్కాలిక కాషన్ ఎందుకొస్తుందంటే, పట్టా కింద కంకర కొన్నేళ్ళకి మట్టి పట్టి గట్టిపడుతుంది, నీళ్ళు దిగవు. దాన్ని తవ్వి, జల్లించి, మళ్ళీ పొయ్యాలి. పోసిన కొత్తలో కంకర వదులుగా ఉంటుంది కాబట్టి రైలుని పూర్తి వేగంతో వదలరు. 20తోనో 40తోనో మొదలుపెట్టి, కంకరని కూరి గట్టిపరిచే టాంపింగ్ మెషిన్ తిరిగి కంకర కుదురుకున్న కొద్దీ మెట్టుమెట్టుగా పెంచుకుంటూ పోతారు. వంతెన గర్డర్ మార్చినా అంతే, పట్టాలు మార్చినా అంతే. లోకో పైలట్‌కి బయల్దేరే ముందే కాషన్ ఆర్డర్ కాగితం చేతికిస్తారు. దారిలో ముందుగా పసుపు కాషన్ బోర్డు, తర్వాత వేగం అంకె రాసిన బోర్డు, చివర్లో టీ/పీ అని రాసిన పసుపు బిళ్ళ. ఆ బిళ్ళ పని జరుగుతున్న చోటు అయిపోయిన వెంటనే ఉండదు, ఒక రైలు పొడవు దాటాక ఉంటుంది. చివరి కోచ్ కూడా ఆ చోటు దాటాకే వేగం పెంచాలి కదా.

అరకిలోమీటరు మేర 30 కాషన్ ఉందనుకోండి. 16 కోచ్‌ల రేక్ పొడవు సుమారు 384 మీటర్లు. అంటే 884 మీటర్లు 30తోనే పోవాలి, 106 సెకన్లు పడుతుంది. అదే 130తో అయితే 24 సెకన్ల పని. ఇక్కడే 80 సెకన్లు పోయాయి. 130 నుంచి 30కి దిగేటప్పుడు ఇంకో 20 సెకన్లు, తిరిగి ఎక్కేటప్పుడు 30. మొత్తం రెండుంబావు నిమిషాలకి కాస్త అటూఇటూ. ఇంజిన్ లాగే రైలైతే తిరిగి వేగం అందుకోవడంలో ఇంకో 40 సెకన్లు ఎక్కువ పోతాయి, మూడు నిమిషాలకి దగ్గరవుతుంది. ఇదంతా కాగితం మీది లెక్కే, వాలు ఉంటే మారుతుంది. తేడా ఎక్కడుందో చెప్పడానికి ఇది చాలు. కోట్లు పోసి సంపాదించిన పికప్ ఒక కాషన్ దగ్గర మిగిల్చేది 40 సెకన్లు. ఆ కాషన్ అసలు లేకపోతే మిగిలేది రెండు నిమిషాలకి పైగా. అదీ వందేభారత్ ఒక్కదానికే కాదు, ఆ లైన్లో పోయే గోదావరికీ, శాతవాహనకీ, కృష్ణాకీ, వెనక వచ్చే గూడ్సుకీ కూడా.

ఇంకో లెక్క. 100 కి.మీ. పొడవునా 130 బదులు 160తో పరిగెత్తితే మిగిలేది 8 నిమిషాల 39 సెకన్లు. అందుకోసం పైన చెప్పిన కంచె, వంతెనలు, కవచ్, కొత్త స్విచ్‌లు అన్నీ కావాలి. అదే 100 కి.మీ.లో పైన చెప్పినలాంటి కాషన్లు నాలుగు ఎత్తేస్తే దాదాపు అంతే మిగులుతుంది. 160 వద్దని నేననను. భద్రత కోసమైనా ఆ పనులన్నీ జరగాలి. వరస మాత్రం ముందు ముప్ఫై, తర్వాతే నూటఅరవై.

"కాషన్లు ఎత్తెయ్యమంటే పట్టాల పని మానెయ్యమంటారా" అని ఇంజినీరింగ్ వాళ్ళు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. పని మానడం కాదు, పనికి వేళ కావాలి. కంకర మెషిన్ పట్టా మీదికి ఎక్కి, పని చేసి, దిగి వెళ్ళడానికి కనీసం మూడు నాలుగు గంటల బ్లాక్ (ఆ లైన్లో రైళ్ళు ఆపి పనికిచ్చే వేళ) వరసగా దొరకాలి. అరగంట ఆలస్యంగా రమ్మని, గంట ముందే దిగమంటే జరిగిన పని సగం, మిగిలిన కాషన్ రెట్టింపు రోజులు. ఒక లైన్లో పేరున్న రైళ్ళు పెరిగిన కొద్దీ "ఈ బండి లేటవకూడదు" అన్న ఒత్తిడితో బ్లాక్ కుదించుకుపోతుంది. వేగం కోసం వేసిన రైలే వేగాన్ని తినేస్తుందంటే ఇదే. ఇక మన వేసవి సంగతి చెప్పక్కర్లేదు. ఖమ్మం వైపు 45 డిగ్రీల ఎండ కాస్తే పట్టా వేడి 60 దాటుతుంది. అతుకుల్లేని పొడవాటి పట్టా సాగడానికి చోటు లేక పక్కకి వంగే ప్రమాదం ఉంటుంది. ఆ వేళల్లో కంకర కదిపే పనే పెట్టుకోకూడదు. వానాకాలం వస్తే ఇంకో రకం తిప్పలు. మిగిలిన నెలల్లోనే అన్నీ సర్దుకోవాలి.

చెడిపోతే ఏమవుతుంది

రేక్‌కి కూడా దాని బలహీనతలున్నాయి. అవి చాలావరకు దాని బలం లోంచే పుట్టినవి.

తొలి వందేభారత్ 2019 ఫిబ్రవరి 15న ప్రారంభమైంది. మర్నాడు తెల్లవారుజామున వారణాసి నుంచి తిరిగొస్తూ టూండ్లా దాటాక ఆగిపోయింది. పశువుని గుద్దిందని అనుమానించారు. వెనక నాలుగు కోచ్‌లకి సమాచార సంబంధం తెగి బ్రేకులు పట్టేశాయి. నాలుగు కోచ్‌లు ఒక యూనిట్‌గా, అలాంటి నాలుగు యూనిట్లు కలిస్తే 16 కోచ్‌ల రైలు. ఒక యూనిట్ మాట వినకపోతే భద్రత కోసం తనంతట తానే బ్రేకు వేసుకుంటుంది. అలాగే తయారుచేస్తారు, చెయ్యాలి కూడా. కానీ ఇంజిన్ రైలైతే ఇంజిన్ మార్చి పంపేస్తారు. ఇక్కడ మార్చడానికి విడిగా ఇంజినే లేదు.

2022 అక్టోబరు 6న ముంబయి–గాంధీనగర్ వందేభారత్ వట్వా దగ్గర గేదెల్ని గుద్దితే ముక్కు ఊడిన ఫొటో దేశమంతా నవ్వుకుంది. ఆ ముక్కు ఫైబర్ తొడుగు. పగలడానికే ఉంది, లోపలి చట్రం దెబ్బ తినకూడదు. ఒక్క రోజులో మార్చి పంపించారు. దాన్ని చూసి "నాసిరకం" అన్నవాళ్ళు అడగాల్సిన ప్రశ్న వేరు: గేదెలు పట్టాల మీదికి ఎలా వచ్చాయి? ఆ తర్వాతే ముంబయి–అహ్మదాబాద్ దారి పొడవునా ఇనప కంచె కట్టడం మొదలైంది. కంచె ముందు, రైలు తర్వాత రావాలని ఆ గేదెలు చెప్పాల్సి వచ్చింది.

నిజంగా ఆలోచించాల్సిన ఘటన దానికి రెండు రోజుల తర్వాతది. అక్టోబరు 8న ఢిల్లీ నుంచి వారణాసి వెళ్తున్న రైలుకి దాద్రీ, వైర్ స్టేషన్ల మధ్య సీ8 కోచ్‌లో ఒక ట్రాక్షన్ మోటార్ బేరింగ్ పట్టేసింది. అది నడిపే చక్రం తిరగడం మానేసి పట్టా మీద ఈడ్చుకుపోయింది. తేడాని గమనించింది కింద ఉన్న సిబ్బంది, రైలు ఆపించింది వాళ్ళే. చక్రం మీద 80 మిల్లీమీటర్ల మేర చదును పడింది. అలాంటి చక్రం తిరిగిన ప్రతిసారీ పట్టాని సుత్తితో కొట్టినట్టు కొడుతుంది కాబట్టి, 20 వేగంతో ఖుర్జా దాకా తీసుకెళ్ళి, ప్రయాణికుల్ని శతాబ్ది రేక్‌లోకి ఎక్కించారు. 32 మోటార్లలో ఒకదానిలో ఒక్క బేరింగ్! పికప్ కోసం మోటార్లని రైలంతా పంచినప్పుడు చెడిపోయే భాగాల్నీ రైలంతా పంచినట్టే. అందుకే ఇలాంటి రైలుకి వేడిని కనిపెట్టే సెన్సర్లూ, రాత్రి డిపోలో చాలినంత వేళా, పక్కన సిద్ధంగా ఇంకో రేకూ తప్పనిసరి. రోజూ వెళ్ళి వచ్చే బండికి అర్ధరాత్రి దగ్గరపడ్డాక రేక్ చేతికొస్తుంది, తెల్లారేలోగా పంపాలి. జెండా ఊపేటప్పుడు స్పేర్ రేక్ ఊసెత్తరు.

రైలొస్తేనే పట్టా బాగుపడుతుందా

నా వాదనకి గట్టి ఎదురు వాదన ఒకటుంది. మన దేశంలో పట్టాలు బాగుచేస్తామంటే ఎవరూ చప్పట్లు కొట్టరు, డబ్బు రాదు. ముందు రైలు వేస్తే, అది నెమ్మదిగా పోతోందని గోల లేస్తే, అప్పుడు పట్టాలకి నిధులొస్తాయి. గుజరాత్ కంచె అలా వచ్చిందే కదా. దీన్ని నేను కొట్టిపారెయ్యలేను. కానీ మన దగ్గర జరిగింది చూడండి. దక్షిణ మధ్య రైల్వే సికింద్రాబాద్–కాజీపేట, కాజీపేట–విజయవాడ–గూడూరు లాంటి లైన్లని 2022 సెప్టెంబరులోనే 130కి పెంచింది. విశాఖ వందేభారత్ దానికి నాలుగు నెలల తర్వాత వచ్చింది. జెండాలూ బ్యాండూ లేకుండా జరిగిన ఆ పని వల్లే ఆ దారిలో వేగంగా పోయే వీలున్న రైళ్ళన్నీ బాగుపడ్డాయి. వరస సరిగ్గా ఉంటే ఎలా ఉంటుందో చూపించే ఉదాహరణ ఇంట్లోనే ఉంది.

ఇంకో చిక్కు దారి పంపకం. 100 కి.మీ. దూరాన్ని గూడ్సు 60 సగటుతో పోతే 100 నిమిషాలు, వందేభారత్ 110తో పోతే 55. గూడ్సుని దారిలో పక్కకి తియ్యకూడదంటే అది 45 నిమిషాలు ముందే బయల్దేరాలి. బండికీ బండికీ పది నిమిషాల ఎడం అనుకుంటే నాలుగు రైళ్ళ చోటు ఖాళీగా పోయినట్టు. లేదంటే లూప్‌లో పెట్టాలి. అందుకే వందేభారత్ పోయేవరకు ప్యాసింజర్ ఏదో చిన్న స్టేషన్లో నిలబడి ఉంటుంది. కాజీపేట–విజయవాడ మూడో లైను పూర్తయితే వందేభారత్‌లో ఎప్పుడూ ఎక్కనివాళ్ళకే ఎక్కువ మేలు.

ఆ మాటకొస్తే, 2023 డిసెంబరులో వచ్చిన అమృత్ భారత్ నాకు ఇంకా ఆసక్తిగా అనిపిస్తుంది. ముందొక ఇంజిన్, వెనకొక ఇంజిన్, మధ్యలో ఏసీ లేని కోచ్‌లు. వందేభారత్ అంత పికప్ రాదు, కానీ ఒక్క ఇంజిన్ రైలు కంటే చాలా నయం. చెడితే ఇంజిన్ మార్చుకోవచ్చు. కాషన్ దగ్గర పోయే మూడు నిమిషాల్లో కొంత తక్కువ ఖర్చుతో వెనక్కి తెస్తుంది. దీని గురించి మాట్లాడేవాళ్ళు తక్కువ, బహుశా ముక్కు అంత సూదిగా లేదని కాబోలు.

అందుకని ఇకమీదట ఏ కొత్త రైలు ప్రకటించినా గరిష్ఠ వేగంతో పాటు మూడు సంగతులు కూడా చెప్పాలని అడగాలి. ఆ దారిలో శాశ్వత వేగ నియంత్రణలు ఎన్ని, తాత్కాలిక కాషన్లు ఎన్ని, టైమ్‌టేబుల్‌లో అదనంగా కలిపిన నిమిషాలు ఎన్ని. ఈ మూడోది మామూలుగా చివరి స్టేషన్ ముందు దాచిపెడతారు. అందుకే పావుగంట లేటుగా నడిచిన బండి కూడా గమ్యానికి "రైట్ టైమ్"లో చేరుతుంది. కాషన్ల కోసం కొన్ని నిమిషాలు కలపడం తప్పదు, తప్పూ కాదు. కాషన్ పోయాక ఆ నిమిషాలు తీసెయ్యకపోవడమే తప్పు.

తిరుపతి వందేభారత్ దీనికి మంచి పరీక్ష. 2023 ఏప్రిల్ 8న మొదలైనప్పుడు 661 కి.మీ.కి ఎనిమిదిన్నర గంటలు పెట్టారు. నల్గొండ మీదుగా గుంటూరు దాకా సింగిల్ లైను. ఎదురు బండి కోసం ఎవరో ఒకరు 30తో లూప్‌లోకి దిగాల్సిందే. గుంటూరు–బీబీనగర్ రెండో లైనుకి కేంద్ర కేబినెట్ 2023 ఆగస్టులో ఒప్పుకుంది. అది పూర్తయ్యాక ఎదురు బళ్ళ కోసం ఆగే పనుండదు. అప్పుడొచ్చే టైమ్‌టేబుల్‌లో నల్గొండ–గుంటూరు మధ్య నిమిషాలు తగ్గాయో లేదో చూడండి. తగ్గి, తిరుపతి చేరే వేళ మాత్రం మారకపోతే, మిగిలిన నిమిషాల్ని తిరుపతికి కాస్త ముందు, రేణిగుంట అవతల వెతకాలి.